పంక్చర్ షాపులో దొరకనివి

అనంతగిరి గుట్టల్లో మౌంటెన్ బైక్ తొక్కడానికి కొత్తగా వచ్చేవాళ్లు తప్పకుండా అడిగే మాట: "అన్నా, సంచిలో ఏమేం పెట్టుకోవాలి?" పంపు, స్పేర్ ట్యూబు, టైరు లివర్లు, ఎలెన్ కీల సెట్టు ఎలాగూ ఉండాలి. ఆపైన నేను చెప్పేది ఒకటే: ఊళ్లో పంక్చర్ షాపులో ఏవి దొరకవో అవి పెట్టుకోండి.

ట్యూబును నీళ్లలో ముంచి, బుడగ పట్టుకుని ప్యాచ్ వేసే పనితనం ఆ షాపాయన దగ్గర ఉంది. లేనిదల్లా మన సైకిల్ సామానే. మన ట్యూబుకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే, మోటారు సైకిళ్లకు గాలి కొట్టే ఆయన గొట్టం దానికి పట్టదు. వేలి కొసంత ఇత్తడి అడాప్టర్ బిగిస్తే పడుతుంది.

రెండోది క్విక్ లింక్. చైను తెగితే, దెబ్బతిన్న లంకెను చైన్ టూల్‌తో తీసేసి, రెండు కొసలా లోపలి పలకలే మిగిలేలా చూసుకోవాలి. లింకు సగాలను జోడించి పైవరుసకు తెచ్చి, వెనక బ్రేకు పట్టి పెడల్‌ను గట్టిగా తొక్కితే టక్కున బిగుసుకుంటుంది. పన్నెండు గేర్ల చైను లింకు తొమ్మిది గేర్ల చైనుకు పనికిరాదు, చూసి కొనాలి.

మూడోది డీరైలర్ హ్యాంగర్. వెనక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క ఇది. రాయి తగిలితే ఫ్రేము బదులు తానే వంగాలని మెత్తగా చేస్తారు. 2019లో స్రామ్ కంపెనీ అన్ని ఫ్రేములకూ ఒకే హ్యాంగర్ ఉండాలని యూడీహెచ్ తెచ్చింది. పాత ఫ్రేములకు మాత్రం దేని ఆకారం దానిదే. ఒకరిది ఇంకొకరికి పట్టదు.

సామాను ఉంటే సరిపోదు, చెయ్యి తిరగాలి. సర్కారు తుమ్మ ముల్లు దిగితే కొత్త ట్యూబు ఎక్కించే తొందర వద్దు. ముందు టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడవండి. విరిగిన ముల్లు కొస గుడ్డకు తగులుకుంటుంది. దాన్ని తీయకుండా ఎక్కించిన ట్యూబులో కూడా గాలి పోతుంది. చైను కలపడం కూడా ఇంట్లో పాత చైను మీద నేర్చుకోవాల్సిన పనే.

ఇందులో దేన్నయినా వచ్చే నెల కొనుక్కోవచ్చు, హ్యాంగర్ తప్ప. ఫ్రేము మోడల్ ఆగిపోతే దాని హ్యాంగర్ కూడా దొరకడం కష్టమవుతుంది. ఇప్పుడే రెండు కొనండి: ఒకటి సంచిలోకి, ఒకటి ఇంట్లోకి.