పిట్టని చూడకుండా

"ఆ కాగితాన్ని ఎందుకమ్మా అలా చూస్తారు? అదెక్కడికీ పోదు. ఫ్రంట్ సైట్ చూడండి."

విశాఖలో ఎయిర్ పిస్టల్ నేర్చుకోవడానికి వెళ్ళిన మొదటి రోజు, నేనింకా ఒక్క గుండు కూడా పేల్చకముందే మాస్టారు అన్న మాట ఇది. సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. ఆయనతోపాటు నేర్పే అమ్మాయి నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది. నేను పేల్చిన అయిదు గుండ్లు చూసి, "మీరు ట్రిగ్గర్ నొక్కడం లేదు మేడమ్, గుంజుతున్నారు" అంది. ఇరవయ్యేళ్ళుగా బళ్ళో పాఠాలు చెబుతున్నదాన్ని. నా తప్పు ఎవరైనా నా మొహం మీద చెప్పి ఎన్నేళ్ళయిందో గుర్తు రాలేదు. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. మర్నాడు అందరికన్నా ముందు వెళ్ళాను.

చూడ్డానికి చాలా చిన్న ఆట ఇది. 10 మీటర్ల దూరంలో జానెడు కూడా లేని చదరపు కాగితం. దాని నడుమ పది మార్కుల గుండ్రం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. పోటీలో 75 నిమిషాల్లో 60 గుండ్లు పేల్చాలి. పిస్టల్ ఒక్క చేత్తోనే పట్టాలి, రెండో చెయ్యి సాయం రాకూడదు. కిలో బరువు చాచిన చేతి చివర ఉంటే చెయ్యి ఊగుతుంది. ఎంతటి ఛాంపియన్‌కైనా ఊగుతుంది. ఆ ఊగడాన్ని చూసి భయపడి, నల్ల చుక్క మధ్యకి రాగానే గబుక్కున ట్రిగ్గర్ గుంజేదాన్ని.

ఫ్రంట్ సైట్ చూడమని మాస్టారు ఎందుకన్నారో మూడు నెలలకి అర్థమైంది. చెయ్యి మొత్తంగా ఒక మిల్లీమీటరు పక్కకి జరిగితే పెల్లెట్ కూడా అంతే జరుగుతుంది, పదిలోనే ఉంటుంది. కానీ గురి చూసే వెనక సైటు గాడిలో, గొట్టం కొసనున్న ముందు సైటు ఒక మిల్లీమీటరు తప్పిందా, ఆ రెంటి మధ్య ఉన్నది అడుగు పైచిలుకు దూరమే కాబట్టి, 10 మీటర్లు వెళ్ళేసరికి ఆ తప్పు దాదాపు మూడు సెంటీమీటర్లవుతుంది. పదిలో పడాల్సింది ఏడులో పడుతుంది. దగ్గరున్న సైటూ దూరాన ఉన్న చుక్కా రెండూ ఒకేసారి కంటికి తేటగా కనబడవు. అందుకని చుక్కని మసకగా వదిలెయ్యాలి, సైటు అంచు మాత్రం తేటగా ఉండాలి. కొట్టాల్సినదాన్నే మసకగా వదిలెయ్యడానికి మనసు ఒప్పుకోదు. నాకు ఒప్పించుకోవడానికి ఏడాది పట్టింది.

ఆ ఏడాదిలో మాస్టారూ ఆ అమ్మాయీ నన్ను ఒక్కసారి కూడా పొగడలేదు. అలాగని "మీ వల్ల కాదు" అని కూడా ఒక్కసారీ అనలేదు. వేలు అన్నారు, మణికట్టు అన్నారు, మడమ అన్నారు. మాట ఎంత కటువైనా అది నా చేతి దగ్గరే ఆగేది, నా దాకా వచ్చేది కాదు. అన్నాక పక్కనే నిలబడేవాళ్ళు, తర్వాతి గుండు చూసేవరకూ కదిలేవాళ్ళు కాదు. నేను మాత్రం ఇన్నేళ్ళూ పిల్లల నోటుపుస్తకాల్లో "బాగుంది, ఇంకా బాగా రాయాలి" అని రాసి సంతకం పెట్టాను. ఎక్కడ బాగాలేదో చెప్పకుండా వదిలేసిన ఆ పుస్తకాలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

జస్పాల్ రాణా ఎంత కఠినమైన గురువో మన దేశంలో పిస్టల్ పట్టినవాళ్ళందరికీ తెలుసు. ఆయన శిష్యురాలు మను భాకర్ 2021లో టోక్యో ఒలింపిక్స్‌కి ముందు ఆయనకి దూరమైంది. 2023లో మళ్ళీ తనే ఫోన్ చేసి పిలుచుకుంది. మరుసటి ఏడు పారిస్‌లో ఆమె రెండు కాంస్యాలు గెలుస్తుంటే ఆయన ప్రేక్షకుల్లో కూర్చుని చూశాడు. అదే మనుని దాటి 2018లో, 13 ఏళ్ళకే, జాతీయ ఛాంపియన్ అయిన పిల్ల మన హైదరాబాదు ఈషా సింగ్. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల నుంచి ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. రేంజిలో నా పక్కన పేల్చే పిల్లల్నీ చూస్తుంటాను. తప్పు చెప్పగానే దిద్దుకుంటారు. మా వయసువాళ్ళం ముందు నొచ్చుకుంటాం, ఆ తర్వాతే దిద్దుకుంటాం.

సంక్రాంతికి అరకు వెళ్ళాను. నాన్న అక్కడి ఆశ్రమ పాఠశాలలో మాస్టారుగా చేసి, అక్కడే ఇల్లు కట్టుకున్నారు. పిస్టల్ వెంట తీసుకెళ్ళలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి సీతారామరాజు దండు తుపాకులు పట్టుకెళ్ళిన మన్యం కొండలివి. ఆ తర్వాతి కాలంలోనూ ఇక్కడ తుపాకీ మోగిందంటే ఎవరో ఒకరి ఇంట్లో ఏడుపు. "అది ఆటేనే అమ్మా" అంటే అమ్మ మాట్లాడలేదు. అందుకే పొద్దున్నే మంచులో, అరుగు మీద నిలబడి, లీటరు నీళ్ళసీసా చాచిన చేత్తో పట్టుకుని సాధన చేశాను.

పక్కింటి తాత చుట్ట కాలుస్తూ చూస్తున్నాడు. వయసులో ఉన్నప్పుడు వెదురు విల్లుతో అడవంతా తిరిగినవాడు.

"ఏటే పిల్లా, ఊపిరి బిగబట్టీసేవు? భుజం దించు. చిన్నప్పుడూ ఇంతే నువ్వు, అన్నీ బిగబట్టే చేసీదానివి."

రేంజిలో ఏడాదిగా వింటున్న మాట. పిస్టల్ ఎలా ఉంటుందో ఎరగని మనిషి సీసా పట్టుకున్న చేతిని చూసి చెప్పాడు.

నీకెవరు నేర్పారు తాతా అని అడిగాను. ఇటుకల పండగ గురించి చెప్పాడు. చైత్రంలో మగవాళ్ళు వేటకి వెళ్ళి ఉత్త చేతుల్తో వస్తే ఆడవాళ్ళు ఊరి మొదట్లోనే కాపు కాసి పేడనీళ్ళు కొడతారు. పెళ్ళయిన ఏడు తాతకీ ఏమీ దొరకలేదు. అందరికన్నా ముందు పేడనీళ్ళు కొట్టింది ఆయన భార్యే. నెత్తి నుంచి కారుతుండగా ఇంటికొస్తే, పెరట్లో పొయ్యి మీద స్నానానికి నీళ్ళు మరుగుతున్నాయట. మొగుడికి ఎదురు వెళ్ళేముందే ఆమె పెట్టి వెళ్ళింది. చెబుతూ చెబుతూ తాత చుట్ట ఆరిపోయినా మళ్ళీ వెలిగించుకోలేదు. అవ్వ పోయి ఆరేళ్ళయింది.

ఒక్క విషయం మాత్రం తాత ఒప్పుకోలేదు. చుక్కని వదిలేసి సైటు చూడాలని చెబితే తల అడ్డంగా ఊపాడు. "పిట్టని సూడకుండా పిట్టని ఎలా కొడతావే? బాణం ఎవుడైనా సూస్తాడా?"

విశాఖ వచ్చాక ఆ ప్రశ్న మాస్టారికి యథాతథంగా చెప్పాను. ఆయన చేతిలోని పెల్లెట్ల డబ్బా బల్ల మీద పెట్టి చాలాసేపు ఆలోచించారు.

"విల్లుకి ఆయన చెప్పిందే నిజం. ఆయన్ని ఒకసారి చూడాలి నేను. మీరు మాత్రం ఫ్రంట్ సైటే చూడండి. ఊఁ, ఎత్తండి చెయ్యి."