అద్దంలో నార్మన్

మన సినిమాల్లో డబుల్ రోల్ అంటే ఎవరెవరో పోల్చుకోవడానికి ఏదో ఒక గుర్తుండాలి. మీసమో, గళ్ల లుంగీయో, బుగ్గ మీద పుట్టుమచ్చో. 2002లో వచ్చిన సామ్ రైమీ ‘స్పైడర్ మ్యాన్’లో విలెమ్ డఫోకి ఒక సీనులో ఆ వెసులుబాటేదీ లేదు. ఉన్నది ఒక్క అద్దం.

అంతకుముందు కథ రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. డఫో వేసిన నార్మన్ ఆస్బోర్న్ ఆయుధాల కంపెనీ యజమాని. సైన్యం కాంట్రాక్టు చేజారేలా ఉంటే, ఇంకా పక్కాగా తేలని మందును తోటి శాస్త్రవేత్త వద్దంటున్నా తన మీదే ప్రయోగించుకుంటాడు. తర్వాత బోర్డు సభ్యులు అతన్ని కుర్చీలోంచి దింపేస్తారు. టైమ్స్ స్క్వేర్ ఉత్సవంలో, పచ్చ హెల్మెట్‌తో గ్లైడర్ మీద ఎగిరొచ్చిన నార్మన్ రెండో రూపం చేతిలో, ఆ సభ్యులు క్షణంలో అస్థిపంజరాలైపోతారు. అంటే అధికార దాహం మందుతో పుట్టింది కాదు. ఉన్నది పోతుందేమోనన్న భయంగా ముందే లోపల కూర్చుని ఉంది.

ఇక ఆ సీను. గోడల నిండా మాస్కులున్న ఇంట్లో ఎవరిదో నవ్వు వినిపిస్తుంది. నార్మన్ బెదిరిపోయి గదంతా వెతుకుతాడు. చివరికి అద్దం. ఇటువైపు నార్మన్ కనుబొమలు పైకి లేచి, నోరు కాస్త తెరుచుకుని, జ్వరం వచ్చిన పిల్లాడిలా ఉంటాడు. అటువైపు అదే మొహం. గడ్డం కిందికి దిగుతుంది, కళ్లు నుదుటి కిందనుంచి చూస్తాయి, బుగ్గల మీది గీతలు కత్తిగాట్లలా లోతవుతాయి. మేకప్ మారదు. కండరాలే మారతాయి. న్యూయార్క్‌లో వూస్టర్ గ్రూప్ నాటక బృందంతో ఏళ్ల తరబడి పనిచేసిన ఒళ్లు అది.

బోర్డు వాళ్లని నువ్వే చంపావని నార్మన్ అంటే, అద్దం ఆ ‘నువ్వు’ని ‘మనం’ చేస్తుంది. ఇంగ్లీషులో ఉన్నది ఒకటే మాట. తెలుగులో ‘మేము’ కాదు, కచ్చితంగా ‘మనం’. అక్కడ డఫోని చూడండి. భయంతో పాటు, అడక్కుండానే పని జరిగిపోయిందన్న ఊరట నార్మన్ కళ్లలో సన్నగా మెరుస్తుంది. తర్వాత అద్దం అధికారం ఆశ చూపిస్తే అతను కాదనడు. బలి అయినవాడిగానూ, వాటాదారుగానూ ఒకేసారి కనిపించడం, నా లెక్కలో, ఈ నటుడి అసలు పనితనం.

ఆ పచ్చ హెల్మెట్ మాత్రం పెద్ద పొరపాటు. మేడ మీద స్పైడర్ మ్యాన్‌కి పొత్తు ప్రతిపాదించే సీనులో కదలని మొహాలు రెండు ఎదురెదురుగా మాట్లాడుకుంటాయి. ఇంత మొహాన్ని డొప్పలో దాచడమేంటి! 2021లో ‘నో వే హోమ్’ తీసినవాళ్లకీ అలాగే అనిపించిందేమో, నార్మన్ చేతనే ఆ మాస్కును పగలగొట్టించారు.

మొదటి సినిమా చివర్లో కూడా ఆ హెల్మెట్ తీసేశాకే డఫో మళ్లీ దొరుకుతాడు. నార్మన్‌గా బతిమాలుతూనే, స్పైడర్ మ్యాన్ అయిన పీటర్‌ను వెనకనుంచి పొడిచెయ్యడానికి గ్లైడర్‌ను సిద్ధం చేసుకుంటాడు. ఇప్పుడు ఆ దీనమైన మొహమే మాస్కు. పీటర్ ఎగిరి తప్పుకుంటాడు. దూసుకొచ్చే మొనలు చూసి డఫో అరవడు. తాళంచెవి ఇంట్లో మర్చిపోయినవాడిలా చిన్నగా ‘ఓ’ అంటాడు.