కర్తృత్వము – భోక్తృత్వము : వాతావరణ మార్పును బోధించు వీడియో గేములు

కావ్యప్రయోజనములను పరిగణించిన సందర్భమున మమ్మటుడు ఉపదేశమును గూడ నొక ప్రయోజనముగా చెప్పియున్నాడు. వేదము ప్రభువువలె శాసించుననియు, పురాణేతిహాసములు మిత్రునివలె హితము చెప్పుననియు, కావ్యము కాంతవలె మనస్సును కరగించి మరలించుననియు ఆలంకారికుల విభాగము. సాహిత్యవిద్యార్థులకు ఇది చర్వితచర్వణమే. ఐనను ఈ విభాగము ఏర్పడిన నాటికి లేని యొక రచనారూపము నేడు మన విద్యార్థుల చేతులలోనికి వచ్చి, తానును ఉపదేశింపగలనని ముందునకు వచ్చుచున్నది. అది వీడియో గేము. అది చేపట్టిన విషయములలో మిక్కిలి బరువైనది వాతావరణ మార్పు. ఈ బోధ పై మూడు తెగలలో దేనికి చెందును? అది ఫలించుటకును, ఫలింపకుండుటకును హేతువేమి? ఈ రెండు ప్రశ్నలను మేమిందు విచారింప నుద్దేశించినాము.

ఆటలను గూర్చిన విచారము భాషాసాహిత్యశాఖకు తగునా యని కొందరు శంకింపవచ్చును. హవాయిదీవులలోని మౌనలోవా పర్వతముపై 1958లో కొలతలు మొదలిడిన నాడు గాలిలో పదిలక్షల పాళ్లకు 315 పాళ్లుగా నున్న బొగ్గుపులుసు వాయువు 2024 నాటికి సుమారు 424 పాళ్లయ్యెను. పారిశ్రామికయుగమునకు పూర్వముండిన సగటు ఉష్ణోగ్రతను 1.5 డిగ్రీలకు మించిన మొదటి సంవత్సరము బహుశః 2024 అని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించినది. ఈ సంఖ్యలు దాచబడినవి కావు. చదువుకొన్న వారిలో పలువురెరిగినవే. ఎరిగియు మనుష్యుని నడవడి మారలేదు. కొరవడినది జ్ఞానము కాదు, జ్ఞానము అనుభవముగా పరిణమించుట. జ్ఞానము అనుభవమగుట ఎట్లన్నది మన సాహిత్యశాస్త్రము శతాబ్దులుగా తర్కించిన ప్రశ్న. కావున ఈ విచారము మనది కాదనుట సరికాదు.

ఈ తెగ ఆటల చరిత్ర కొత్తది కాదు. భూగోళమంతయు ఒక జీవివలె తన్ను తాను సర్దుకొనునను జేమ్స్ లవ్‌లాక్ గాయా సిద్ధాంతమును ఆధారము చేసికొని విల్ రైట్ నిర్మించిన 'సిమ్ ఎర్త్' 1990లో వెలువడినది. క్రిస్ క్రాఫోర్డ్ రచించిన 'బ్యాలెన్స్ ఆఫ్ ది ప్లానెట్' కూడ ఆ యేటిదే. 2007లో ఇయన్ బొగోస్ట్ అను విమర్శకుడు, ఆటలు మాటలచేతను బొమ్మలచేతను గాక తమ నియమముల నడకచేతనే వాదమును నెరపునని ప్రతిపాదించినాడు. 2019లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమపు అండతో గేము నిర్మాతల కూటమి యొకటి, 'ప్లేయింగ్ ఫర్ ది ప్లానెట్' అను పేర, ఏర్పడినది.

బొగోస్ట్ ప్రతిపాదన మనకు క్రొత్తగా తోచవలసిన పని లేదు. మన యింటి వైకుంఠపాళినే పరిశీలింతము. అందు నిచ్చెనలకు సద్గుణముల పేళ్లు, పాములకు దుర్గుణముల పేళ్లు పెట్టబడినవి. పటము చదివినవానికి తోచు అర్థము 'పుణ్యము పైకెత్తును, పాపము క్రిందికి ద్రోయును' అని. కాని ఆడువాడు ఏ నిచ్చెనను కోరి ఎక్కడు. ఏ పామునోట తలచి పడడు. గవ్వలు పడినట్లు కాయ కదలును. వైకుంఠమునకు చేరువలో నోరు తెరచియున్న పెద్దపాము సజ్జనుని, దుర్జనుని సమముగానే మ్రింగును. అనగా పటములోని పేళ్లు కర్మను బోధించుచుండగా ఆటలోని నియమము విధిని బోధించుచున్నది. మొదటిదానిని వాచ్యార్థమనియు, రెండవదానిని నియమార్థమనియు మేము వ్యవహరింతుము. కావ్యమున ధ్వని యెట్లో ఆటయందు నియమార్థమట్లు. అది పైకి చెప్పబడదు. ఆడినవానికి మాత్రము తెలియును. ఈ రెండును పరస్పరము విరోధించినపుడు ఆటగానికి మిగులునది నియమార్థమే.

ఈ సాధనముతో నాలుగు ఆటలను చూతము.

మొదటిది 'ఫేట్ ఆఫ్ ది వరల్డ్'. ఆక్స్‌ఫర్డునకు చెందిన రెడ్ రిడెంప్షన్ సంస్థ దీనిని 2011లో వెలువరించినది. దీనిలోని శీతోష్ణస్థితి గణనలకు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు మైల్స్ ఆలెన్ కృషి ఆధారము. ఆటగాడు అంతర్జాతీయ సంస్థకొక దానికి అధిపతి. అతడు ప్రపంచములోని పండ్రెండు ప్రాంతములందు తన ప్రతినిధుల నిలిపి, విధానములను చీట్లరూపమున ప్రయోగించును. ఒక్కొక్క వంతు ఐదేండ్ల కాలము. బొగ్గును ఒక్కసారిగా మాన్పించినచో ఆర్థికవ్యవస్థ క్రుంగి ప్రజలు తిరుగబడుదురు. ప్రజాదరము నశించిన ప్రాంతమునుండి ఆటగాని సంస్థ వెడలగొట్టబడును. మాన్పింపనిచో ఉష్ణము పెరుగును. నేడు చేసిన మేలు నేడు కనబడదు. నిన్నటి పొగ రేపటి వేడిమియై వచ్చును. ఈ కాలవ్యవధానమును నియమముగా చేయుట ఈ యాటయొక్క గొప్ప గుణము. ఏ పాఠ్యపుస్తకమును ఇంత సూటిగా దీనిని తెలుపలేదని చెప్పినను అతిశయోక్తి కాదు.

ఐనను ఇందొక లోపము గలదు. కరవు, వరద, యుద్ధము – అన్నియు ఇందు వార్తలవలె పంక్తులలో వచ్చి పోవును. జననియంత్రణము సైతము చేతిలోని ఒక చీటియే. మరణించినవారు సంఖ్యలు. ఆలంబనవిభావము లేని కరుణ నిలువదని మనకు తెలియును. ఎవనికి కీడు కలిగినదో వాని ముఖము కానరానిచోట శోకము రసము కాజాలదు; అది లెక్కలోని తప్పువలె దిద్దుకొనదగినదిగా మాత్రమే తోచును. ఈ యాట ప్రభుసమ్మితమని మా నిర్ణయము. కాని ఇచ్చట శాసించు ప్రభువు ఆటగాడే యగుట విశేషము. వాతావరణ మార్పు విషయమున అట్టి సర్వాధికారి లోకమున నెవ్వడును లేడు. లేని యధికారమును చేతికిచ్చి బోధించు ఆట, అధికారము లేని తన నిజస్థితియందు తానేమి చేయవలెనో ఆటగానికి నేర్పదు.

రెండవది ఉపదేశమునకై పుట్టినది కాదు. 'సివిలైజేషన్' ఆరవ సంపుటమునకు 2019లో ఫిరాక్సిస్ సంస్థ చేర్చిన 'గేదరింగ్ స్టార్మ్' అను అనుబంధము. రాజ్యములను పెంచుకొని, పోటీపడి జయించుట ఈ యాటకు ప్రధానవస్తువు. ఈ యనుబంధమున బొగ్గు, నూనె కాల్చిన కొలది సముద్రమట్టము మెట్టుమెట్టుగా పెరిగి తీరపు పల్లపునేలలు మునుగును. మునిగిన నేలకై సముద్రము వెనుకకు పోదు. కట్టలు కట్టి నగరములను కాపాడుకొనవచ్చును. కాని అందులకు విజ్ఞానము, సంపద కావలెను. ముందుగా బొగ్గు కాల్చినవాడు ముందుగా బలపడును. మునుగునది ఎవని తీరమైనను కావచ్చును. లాభము ఒకనిది, నష్టము అందరిది. లోకమున నడచుచున్న అన్యాయమును ఈ యాట ఒక్క నీతివాక్యము లేకయే నియమార్థముగా చూపుచున్నది. కాని కాల్చినవాడు జయించినచో ఆట వానికి జయఘోషమునే వినిపించును. అన్యాయము తెలిసినది, అది అన్యాయమను బాధ మాత్రము కలుగలేదు. విభావము కుదిరినను రసము పుట్టని కావ్యమువంటిది ఈ యాట.

మూడవది 'టెర్రా నిల్'. దక్షిణాఫ్రికాలోని ఫ్రీ లైవ్స్ సంస్థ నిర్మించిన ఈ యాట 2023లో వెలువడినది. ఆరంభమున తెరపై మృతభూమి. ఆటగాడు గాలిమరలను నిలిపి, నేలలోని విషమును తొలగించి, నీరు పారించి, పచ్చిక మొలపించును. పిమ్మట వనములు, చిత్తడినేలలు ఏర్పడును, తేమ పెరుగగా వాన కురియును, మృగపక్షులు మరలివచ్చును. ఇంతవరకు సామాన్యమే. తుదిమెట్టునందు ఆటగాడు తాను కట్టిన ప్రతి యంత్రమును విప్పి, మూటకట్టుకొని, ఆ నేలను విడిచి పోవలెను. నగరములను కట్టించు ఆటలు నిర్మాణమునే జయముగా నేర్పుచుండగా, ఇందు నిష్క్రమణము జయమైనది. ఇది ఉత్తమమైన నియమార్థము. అంగిరసము శాంతమనుటకు సందేహము లేదు.

మా సందేహము వేరు. ఈ నేల నెవడు చంపెను? చచ్చుటకు పూర్వమందెవరుండిరి? ఈ ప్రశ్నలకు ఆటలో తావు లేదు. అపరాధి లేడు, బాధితుడు లేడు, బాగుచేయువాడొక్కడే యున్నాడు. చెరుపబడినది యంతయు ఓపికతో మరల చేకూర్పవచ్చునన్న ఊరట దీని నియమములలో గలదు. నిజమున, గాలిలోనికి వదలిన బొగ్గుపులుసు వాయువులో కొంత భాగము వేలయేండ్లు నిలుచును. నశించిన జీవజాతి మరల పుట్టదు. శాంతము నిర్వేదమునుండి పుట్టినపుడు గంభీరము. మరపునుండి పుట్టినపుడు నిద్రతో సమానము. 'టెర్రా నిల్' సౌందర్యమునకు మేము ముగ్ధులమైతిమి. కాని ఆడిముగించిన పిదప మా మనస్సున మిగిలినది కర్తవ్యము కాదు, విశ్రాంతి.

నాలుగవది స్ట్రేంజ్ లూప్ గేమ్స్ సంస్థవారి 'ఇకో'. దీని తొలిరూపము 2018లో ప్రజలకందినది. ఇది పలువురు కలిసి ఒకే లోకమున నాడునది. ఒక ఉల్క ఆ లోకముపై పడనున్నది. దానిని ఛేదించుటకు పరిశ్రమలు కావలెను. పరిశ్రమలు పెరిగినకొలది అడవి తరుగును, గనులవ్యర్థములు నేలను నీటిని చెరచును. ఆటగాండ్రు తమలో తాము శాసనములను ప్రతిపాదించి, ఓటువేసి, ఒకరినొకరు కట్టడి చేసికొనవలెను. ఇందెవ్వడును సర్వాధికారి కాడు. నా కొలిమి వ్యర్థము నీ చేనిని చెరచును. నీవు వచ్చి నన్నడుగుదువు. నేను నీకు సమాధానము చెప్పవలెను. ఉల్కకు బదులు వాతావరణమునే ముఖ్యాపదగా నిలిపియుండిన మరింత బాగుండెడిది. చిత్రణమునందు కూడ ఇది మిక్కిలి సామాన్యము. ఐనను మిగిలిన మూడింటిలో లేనిదొకటి ఇందు గలదు: నష్టపోయినవానికి నోరున్నది.

ఈ నాల్గింటిని కలిపి చూచిన మాకొక సిద్ధాంతము తోచుచున్నది. ఆటకు స్వభావసిద్ధమైన ఉపదేశపద్ధతిని పై మూడు తెగలలో దేనియందును చేర్చజాలము. ఇందు ప్రభువు ఆజ్ఞాపింపడు, మిత్రుడు చెప్పడు, కాంత అనునయింపదు. చేసినవాడు తన చేతఫలమును తానే అనుభవించి నేర్చుకొనును. దీనిని స్వకృతసమ్మితమని పిలువవచ్చును. కర్తయు భోక్తయు ఒక్కడే యగుట దీని ప్రాణము. నిప్పును ముట్టిన బిడ్డకు రెండవసారి చెప్పనక్కరలేదు.

కాని చిక్కంతయు ఇచ్చటనే యున్నది. వాతావరణ మార్పునందు కర్తయు భోక్తయు ఒక్కడు కాడు. పొగ వదలినవా డొకడు, వరదలో మునుగువాడు వేరొకడు. తాత కాల్చిన బొగ్గునకు మనుమడు అనుభవించును. ఒక ఖండపు సంపదకు మరియొక ఖండము ఋణము చెల్లించును. నిప్పు ముట్టిన చేయి కాలుటలేదు; పొరుగింటి బిడ్డ చేయి కాలుచున్నది. అందుచేతనే మానవజాతి అనుభవమువలన నేర్చుకొనలేకున్నది. ఇట్టి విషయమును, కర్తృభోక్తల నేకము చేయు సామాన్యక్రీడానియమములతో బోధింపబూనుట విషయమును తలక్రిందులు చేయుటయే. ఆటగాడు చేసిన తప్పునకు ఆటగాడే ఓడిపోవునట్టి ఆట వాతావరణ మార్పును గూర్చి అసత్యమునే చెప్పుచున్నది. తాను గెలిచియు, తనవలన వేరొకడు చెడుట చూడవలసివచ్చు ఆటయే సత్యమును చెప్పగలదు. అప్పుడు స్వకృతసమ్మితమునకు కరుణ తోడగును. 'గేదరింగ్ స్టార్మ్' ఆ సత్యము నంటి రసమును విడిచినది; 'ఇకో' కొంతవరకు రెంటిని పట్టినది.

ఆటయన్నది వినోదము గదా, దుఃఖపెట్టు ఆట నెవరాడుదురని ఆక్షేపింపవచ్చును. హరిశ్చంద్ర నాటకమున కాటిసీను కొరకే తెల్లవారుదాక మేల్కొని కూర్చుండిన తెలుగుప్రేక్షకులు ఆ యాక్షేపమునకు చాలిన సమాధానము. దుఃఖము రసమైనచో జనులు దానినుండి పారిపోరు. మరల మరల దానికొరకే వత్తురు.

కావున ఇట్టి ఆటలను నిర్మింపబూనువారు మూడు విషయములను గమనింపవలెనని మా మనవి. ఆటగానికి లోకాధిపత్యమును గాక, ఒక ఇంటికో ఒక ఊరికో తగిన శక్తిని మాత్రమే యీయవలెను. జరిగిన నష్టములలో కొన్నియైనను తిరుగరానివి కావలెను. నష్టపోవువానికి పేరు, భాష, పలుకుబడి ఉండవలెను. ఈ మూడవది సాహిత్యకారుని పని. కాకినాడకు చేరువనున్న ఉప్పాడ తీరమున సముద్రము ఏండ్లతరబడి ఒడ్డును కోసి ఇండ్లను మ్రింగుచున్నది. అలలకు గోడ జారిన బెస్తయిల్లాలు ఏ మాటలతో తన యింటిని తలచుకొనునో ఏ గణకయంత్రమును చెప్పజాలదు. తెలుగు నెరిగినవాడే చెప్పవలెను. దూరమున నొక నగరమున దీపము వెలిగించిన ఆటగానికి ఆ మాటలు వినవచ్చునట్టి ఆట ఇంకను మాకు కానరాలేదు. అది వెలువడిన నాడు దానిని కావ్యములతో సరిసమానముగా విమర్శించుటకు ఈ శాఖలవారు సంసిద్ధులై యుండవలెను.