అర సెకను చిల్లర

పేపర్ మెషీన్‌లో ఈ చివర గుజ్జు వాల్వు తిప్పితే, దాని ఫలితం ఆ చివర ఉన్న కొలిచే పరికరం కిందికి చేరేదాకా ఏమీ తెలియదు. ఆ మధ్య కాలమే డెడ్ టైమ్. 1960ల్లో స్వీడన్‌లోని బిల్లెరూడ్ మిల్లులో కార్ల్ యోహాన్ ఓస్ట్రోమ్, ఐబీఎం కంప్యూటర్‌తో కాగితం జీఎస్ఎంను (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్నదాన్ని) అదుపు చేయబోయినప్పుడు లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చినదీ ఇదే. డెడ్ టైమ్ పాఠం ఎప్పుడు చెప్పినా నేను ఆ మిల్లు నుంచే ఎత్తుకుంటాను.

కంప్యూటర్ ఉండుండి మాత్రమే చూస్తుంది, అదే శాంప్లింగ్. కాబట్టి డిఫరెన్షియల్ సమీకరణాన్ని డిఫరెన్స్ సమీకరణంగా మార్చుకోవాలి. ఆలస్యం కనబడగానే చాలామంది ఆన్రి పాడే పేరుమీద ఉన్న ఉజ్జాయింపును అందుకుంటారు. నాకది గిట్టదు. ఒక కొలిమి మోడల్‌లో ఆలస్యానికి బదులు మొదటి తరగతి పాడే పెట్టి గ్రాఫ్ గీయండి: హీటర్ వేయగానే ఉష్ణోగ్రత ముందు కిందికి దిగి, ఆ తర్వాత లేస్తుంది! ఏ కొలిమి అలా ప్రవర్తిస్తుంది?

నిజానికి శాంప్లింగ్‌లోకి వచ్చాక ఆలస్యం మరింత లొంగుతుంది. నిరంతర కాలంలో గడిచిన ప్రతి క్షణాన్నీ గుర్తుంచుకోవాలి, అంటే అనంతమైన విలువలు. ఇక్కడ రెండు శాంపిళ్ల మధ్య వాల్వు కదలదు గనక, వెనకటి ఆదేశాలు కొన్ని దాచుకుంటే సరిపోతుంది. పైగా లెక్క కచ్చితం.

తంటా అంతా చిల్లరతోనే. మొదటి తరగతి ప్రక్రియ ఒకటి తీసుకుని, దాని టైమ్ కాన్‌స్టాంట్ 10 సెకన్లు, గెయిన్ 1, ఆలస్యం 2.5 సెకన్లు, శాంప్లింగ్ సెకనుకోసారి అనుకుందాం. రెండు సెకన్లకు రెండు శాంపిళ్లు వెనక్కి జరిపితే అయిపోయింది. మిగిలిన అర సెకను మాత్రం ప్రతి వ్యవధినీ చీలుస్తుంది: మొదటి సగం పాత ఆదేశానిది, రెండో సగం కొత్తదానిది. కొత్తదాని గుణకం 0.0488, పాతదానిది 0.0464. ఆలస్యాన్ని 2.6 చేయండి. అవి 0.0392, 0.0560 అవుతాయి. పాతది కొత్తదాన్ని మించింది, దాంతో మోడల్ జీరో (ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ సున్నా అయ్యే చోటు) యూనిట్ సర్కిల్ దాటి -1.43 దగ్గర కూర్చుంది. మోడల్‌ను తిరగేసి కంట్రోలర్ రాసుకున్నవారి వాల్వు ఇక ఇటూ అటూ, ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా కొట్టుకుంటుంది. తేడా 0.1 సెకనే.

పోనీ, ఆలస్యానికి సరిగ్గా అతికే శాంప్లింగ్ వ్యవధి పెట్టుకుందామంటే మెషీన్ వేగం మారగానే ఆలస్యమూ మారుతుంది. ఇందుకు నాకు బాగా నచ్చిన ఉపాయం గడియారాన్ని పక్కనబెట్టి, రోలర్ తిరుగుడును బట్టి ఇన్ని మీటర్ల కాగితానికి ఒకసారి కొలవడం. దూరం మారదు కాబట్టి కాగితం ప్రయాణం ఏ వేగంలోనైనా అన్నే శాంపిళ్లు. బదులుగా, మెషీన్ వేగం మారినప్పుడల్లా గుణకాలు మారతాయి. ఒక ఎక్స్‌పొనెన్షియల్‌ను మళ్లీ లెక్కగట్టే పనే కదా, దానికి నేను సిద్ధమే.