‘కాలా పత్థర్’లో కనపడని 60 మీటర్లు

మాది పల్నాడు, గురజాల దగ్గర. తవ్వి వదిలేసిన సున్నపురాయి క్వారీల్లో వానలకి నీళ్ళు నిండితే, అటువైపు పోవద్దని ఇంట్లో గట్టిగా చెప్పేవాళ్ళు. ఆ భయం ఎంత సరైనదో ‘కాలా పత్థర్’ (1979) రెండోసారి చూశాక అర్థమైంది.

యశ్ చోప్రా తీసిన ఈ సినిమాకి సలీం-జావేద్ రచయితలు, చాస్‌నాలా ప్రమాదం ఆధారం. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గరి ఆ బొగ్గుగనిలోకి, పక్కనున్న పాత తవ్వకాల్లో నిలిచిన నీళ్ళు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. 370 మందికి పైగా చనిపోయారు.

సినిమాలో బాగున్నది అమితాబ్ పాత్ర. ప్రయాణికుల్ని వదిలి ఓడ దిగిపోయిన కెప్టెన్, తనకి తానే శిక్ష వేసుకున్నట్టు గనిలో కూలీగా దిగుతాడు. పేచీ అంతా ప్రేమ్ చోప్రా వేసిన యజమాని పాత్రతోనే. ఇంజనీరు హెచ్చరించినా లాభం కోసం వినడు. తప్పంతా అతని నెత్తినే పడుతుంది, మనకి మనసు తేలికవుతుంది.

కానీ చాస్‌నాలాలో అలాంటి సేఠ్‌జీ లేడు. గని ఇస్కో కంపెనీది. దాని యాజమాన్యాన్ని 1972లోనే కేంద్రం తీసేసుకుంది. చట్టమూ లేకపోలేదు. గనుల చట్టం 1952ది, బొగ్గుగనుల నిబంధనలు 1957వి. నీళ్ళుండే పాత తవ్వకాలకి 60 మీటర్లలోపు అనుమతి లేకుండా పని చేయకూడదని వాటిలోనే ఉంది. ప్రమాదం జరిగితే చట్టం వస్తుందనుకుంటాం. ఇక్కడ ప్రమాదం నిబంధన వచ్చిన 18 ఏళ్ళకి జరిగింది.

సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ పడిపోతే మేం రాసే రిపోర్టులో మనిషి పేరు రాయం, ఏ తనిఖీ తప్పిందో రాస్తాం. గనిలో పోయేవి ప్రాణాలు, అక్కడ పేరు కూడా కావాల్సిందే. అయితే పేరు దొరకగానే ప్రశ్న ఆగిపోకూడదు. అనుమతి ఎవరిచ్చారు? మ్యాపు ఎవరు చూశారు? ఈ ప్రశ్నలకి సినిమాలో చోటు లేదు.

2003 జూన్ 16న మన గోదావరిఖనిలో, సింగరేణి గనిలోకి నీళ్ళు ముంచెత్తి 17 మంది పోయారు. అదీ ప్రభుత్వ సంస్థే. ఇప్పుడు గనుల చట్టం 2020 నాటి కార్మిక భద్రతా కోడ్‌లో కలిసింది. మా ఊరి సున్నపురాయి క్వారీలకీ అదే వర్తిస్తుంది. కొత్త చట్టం చదివేవాళ్ళు ఈ సినిమా కూడా చూడాలి. చూసి, ఆ విలన్ని కాసేపు పక్కన పెట్టి, 60 మీటర్లు ఎవరు కొలిచారని అడగాలి.