జీడిపలుకుకు చాక్లెట్ తొడుగు
క్రిస్మస్ వారంలో మా వదిన పొయ్యి దగ్గరికి తడిచెయ్యి రానివ్వదు. కరిగే చాక్లెట్‌లో నీటిచుక్క పడితే ముద్దకట్టి, ఇసుకలా అయిపోతుంది మరి. పలాస జీడిపప్పును సన్నసెగన దోరగా వేయించి, పూర్తిగా చల్లారనిస్తుంది. డార్క్ చాక్లెట్‌ను వేడినీళ్ల గిన్నె మీద 45 డిగ్రీలకు కరిగించి, 28కి దించి, మళ్లీ 31కి తెస్తుంది. అసలు పనితనం ఇక్కడే! కోకో వెన్న ఈ తీరున గడ్డకడితేనే ఆ నిగనిగ, కొరికితే ఆ టక్కుమనే చప్పుడు. తొందరపడితే పైన తెల్లటి పొడ తేలుతుంది.

ఒక్కో పలుకునూ ఫోర్కుతో ముంచి, గిన్నె అంచుకు రెండుసార్లు తట్టి, బటర్ పేపర్ మీదికి జారవిడుస్తుంది. రెండు వందలవ పలుకుకూ అదే శ్రద్ధ. ఆ చేతిని ఎంతసేపు చూసినా నాకు తనివితీరదు. అర్ధరాత్రి ఆరాధన నుంచి వచ్చిన పిల్లలకు మొదటి పలుకు వదినే నోట్లో పెడుతుంది.