అక్షరమును విప్పి చూచిన చిత్రకారుడు

దోహా నగరపు శివారున, సాల్వా మార్గమునకు చేరువనున్న అబూ హమూర్ అను పేటయందు భారతీయ పాఠశాలలు పెక్కు గలవు. ప్రాతఃకాలమున అచ్చట బస్సులు దిగు బాలబాలికలలో తెలుగువారి బిడ్డలును తక్కువ కారు. వీరి తలిదండ్రులకు హుస్సేన్ పేరు తెలియును. హైదరాబాదున సినిమా ఘర్ నెలకొల్పిన ఆ చిత్రకారుడు 2010లో ఖతార్ పౌరసత్వమును స్వీకరించుట నాడు పత్రికలన్నిటను వచ్చిన వార్తయే. కాని అంతకు మూడు దశాబ్దములకు పూర్వమే, ఆధునికాఫ్రికా చిత్రకళకు మూలస్తంభములలో నొకడైన సూడాను దేశీయుడు ఇబ్రహీం ఎల్ సలాహి ఇచ్చటికి వచ్చి, ప్రభుత్వోద్యోగము చేసికొనుచు, 1998 వరకు ఈ నగరముననే కాపురముండెనని ఎరిగినవారు మనలో అరుదు. ఆఫ్రికా కళ యనగానే మనకు కొయ్యముఖములును, తప్పెటలును, విమానాశ్రయములలో అమ్ము ఏనుగుబొమ్మలును తోచును గాని, పలకపట్టి అక్షరములు దిద్దిన చేయి తోచదు.

ఎల్ సలాహి కళకు పుట్టినిల్లు పలకయే. 1930లో నైలునదీతీరమందలి ఒందుర్మాను పట్టణమున జన్మించిన ఆయనకు తండ్రియే గురువు. ఇంటనే ఖురాను పాఠశాల. కొయ్యపలకపై వ్రాయుట, వల్లించుట, కడుగుట, మరల వ్రాయుట అచ్చటి చదువు; పాఠము ముగిసిన పలకను రంగురేఖలతో అలంకరించుట అచ్చటి వేడుక. ఇట్లు అక్షరము, అలంకారము ఒకే పలకమీద అబ్బిన యీ బాలుడు ఖార్తూమున చిత్రలేఖనము నభ్యసించి, 1954లో లండనునందలి స్లేడ్ కళాశాలకు పోయి, పాశ్చాత్యుల పద్ధతులన్నియు నేర్చి, 1957లో స్వదేశమునకు మరలి వచ్చి, ఖార్తూమునందలి గ్రాండ్ హోటలున తన చిత్రములను ప్రదర్శింపగా, చూడవచ్చిన వారు అరుదు; వచ్చినవారికిని అవి తమవిగా తోపలేదు.

ఇట్టి సందర్భమున సామాన్యుడైన కళాకారుడు ప్రజలకు అభిరుచి లేదని నిట్టూర్చును. ఎల్ సలాహి అట్లు చేయక, కొంతకాలము కుంచె ప్రక్కనబెట్టి, దేశమంతట తిరిగి, సామాన్యజనులు తమ యిండ్ల గోడలమీద ఏమి పెట్టుకొందురు, చాపలలో ఏమి అల్లుకొందురు, ఒంటె జీనులపై ఏ రేఖలు దిద్దుకొందురు అని పరిశీలించెను. అన్నిచోట్లను కనబడినవి లిపియు, అలంకారరేఖలును. అంతట తన చిత్రములలో ఒక మూలగా, తపాలాబిళ్లయంత చోటున, చిన్న చిన్న అక్షరములు వ్రాయసాగెను. జనులు దగ్గరకు వచ్చి చదువసాగిరి. క్రమముగా ఆ వ్రాత పటమంతయు పరచుకొనెను. పిదప ఆయన చేసిన సాహసము అక్షరమునే విరుచుట. రేఖకును రేఖకును నడుమనున్న అర్థమును త్రోసివేసి, ఆ యెడములను తెరచి చూడగా, వానినుండి మొక్కలును, పక్షులును, నిడుపాటి ముఖములును, నీడలును వెలువడినవి. వర్ణములలోను ఆయన సంయమము పాటించి, కాలిన మన్ను, గైరికము, నలుపు, తెలుపు అను సూడాను నేల రంగులకే చాలకాలము కట్టుబడెను. అహ్మద్ షిబ్రైన్ మొదలగు సహచరులతో కూడి ఆయన నడచిన ఈ మార్గము ‘ఖార్తూమ్ సంప్రదాయ’మను పేర ప్రసిద్ధి గాంచినది.

దీనికి మనలోను చుట్టరికము గలదు. 1960 దశకమున మదరాసున కె.సి.ఎస్. పణిక్కర్ లిపిచిహ్నములతోనే పటములను నింపెను. అంతకంటె ప్రాచీనమైనది శ్రీకాళహస్తి కలంకారి: కరక్కాయ, పాలు పట్టించిన వస్త్రముపై, వెదురుకలమునకు గుడ్డచుట్టి, ఇనుపతుక్కు బెల్లపునీట నాని పులిసిన కారుతో గీయగా, ఆ యినుము కరక్కాయను సోకి నలుపెక్కును; బొమ్మ ప్రక్కనే తెలుగు పద్యమును, పేరును వ్రాయబడును. క్షీణించుచుండిన ఈ విద్య 1950 దశకాంతమున బ్రతికినది ప్రదర్శనలవలన కాదు. కమలాదేవీ చట్టోపాధ్యాయ ప్రోత్సాహమున ఏర్పడిన శిక్షణకేంద్రమున జొన్నలగడ్డ లక్ష్మయ్య పడుచువాండ్రను కూర్చుండబెట్టి చేయి దిద్దించుటవలన.

ఎల్ సలాహి రెండవ గురుకులము కారాగారము. 1975లో, సంస్కృతిశాఖయందు ఉన్నతాధికారిగా నుండగా, కుట్రదారుడను నెపమున సూడాను అధ్యక్షుడు నిమైరీ ప్రభుత్వము ఆయనను విచారణ లేకుండ ఆఱు నెలలు కోబర్ చెఱసాలలో నుంచెను. అచ్చట కాగితము దాచుట నేరము. దొరకిన తునకపై ఒక చిన్న రూపము గీయుట, ఇసుకలో పూడ్చుట, మరునాడు మరియొక తునకపై దానిని పొడిగించుట, ఇట్లు ఆయన సాగించిన రహస్యసాధనయే పిదప ఒక నిర్మాణపద్ధతియైనది. మన ముగ్గునకు చుక్కలు ముందు, గీత వెనుక. ఈయన చిత్రమునకు ముందుగా చుక్కలే లేవు. బీజమువంటి ఒక పలకను గీసి, దాని అంచు ఎటు పొమ్మనిన అటు మరియొక పలకను చేర్చుకొనుచు పోవుటయే. సమగ్రరూపము పూర్తియగువరకు కర్తకును తెలియదు.

విడుదలయైన కొలదికాలమునకు ఆయన దోహాకు వచ్చెను. సూడాను నవలాకారుడు తయ్యిబ్ సాలిహ్ అప్పటికే ఇచ్చటి సమాచారశాఖయందు పెద్దపదవి నిర్వహించుచుండెను. ఎల్ సలాహికి పగలు కార్యాలయము, మిగిలిన వేళ కలము, నల్లసిరా. 1984-85లలో తొమ్మిది పలకలుగా పెరిగిన ‘అనివార్యము’ అను మహాచిత్రము ఈ యేండ్ల ఫలము. పిడికిళ్లెత్తిన జనసమూహము అందు తెలుపునలుపులలో కిక్కిరిసియుండును. ఆ 1985లోనే, ఏప్రిలునందు, ప్రజాందోళనమునకు తాళలేక నిమైరీ పాలన కూలెను. తమ భవనమున ఒక ఆఫ్రికా చిత్రకారుని సమగ్రప్రదర్శన నేర్పరచుటకు లండనునందలి టేట్ మోడర్నుకు 2013 వరకు తీరిక దొరకలేదు. ఆ మొదటి గౌరవము ఈయనకే దక్కెను.

యువకళాకారులను పెంచుట యనగా మన ప్రవాససంఘముల వేడుకలలో గంటసేపు రంగులు పూయించి, కప్పులు పంచి, ఫోటోలు తీసికొనుట అని నిశ్చయించినవారికి నైజీరియా కథయొకటి చెప్పవలెను. 1961లో ఇబాదానున జర్మను దేశీయుడు ఉల్లీ బయర్, నాటకకర్త సోయింకా ప్రభృతులు నెలకొల్పిన ఎంబారీ సంఘము ఎల్ సలాహి చిత్రములను ఆదరించినది. తదనంతరము ఒషోగ్బో పట్టణమున బయరు దంపతులు నడిపిన కార్యశాలలకు ప్రవేశపరీక్షయే లేదు. నాటకపు జట్టులోని నటులును, వీధిలో పోవు కుఱ్ఱవాండ్రును వచ్చి గీసిరి. నర్తకుడైన ట్విన్స్ సెవెన్ సెవెన్, యోరుబా కిరీటముల పూసలను పటములపైకి తెచ్చిన జిమో బురైమో అట్టివారే. అబూ హమూరులో ఒక గదియు, నెలల తరబడి తొందరపెట్టని ఒక గురువును దొరకినచో, తెలుగు గుణింతమునే విరిచి చూడుమని మన పిల్లలకు చెప్పవచ్చును. ఱకారమునందలి వంకరలో ఏ పక్షి దాగెనో పెద్దలకంటె వారికే ముందు కనబడును.

అయితే అట్టి గురువునకు, తన త్రోవను కాదను శిష్యులను ఓర్చుకొను ఇంకొక సహనమును కావలెను. ఎల్ సలాహి బోధించుచుండిన ఖార్తూము కళాశాలయందే చదివిన కమలా ఇబ్రహీం ఇషాక్, ఈ లిపిమార్గము స్త్రీల లోకమును విస్మరించినదని తలచి, 1976లో మిత్రులతో కలసి ‘స్ఫటికవాద’ ప్రణాళికను ప్రకటించి, అక్షరములను వదలి, భూతావేశపూజలలో ఊగు స్త్రీల వక్రముఖములను చిత్రించినది. 2022లో లండనునందలి సర్పెంటైన్ చిత్రశాల ఆమె జీవితకాలపు కృషినంతయు ప్రదర్శించినది.